పుస్తకాల అలమర: మేనల్లుడు అడిగిన సనద్



మా చోడవరంలో పుస్తకాల దుకాణం అంటే పాఠ్యపుస్తకాలు, నోటుపుస్తకాలు, గైడ్లు దొరికే చోటు. చరిత్రను గురించో, కళలను గురించో, మహనీయుల జీవితాలను గురించో పండితులు రాసిన గ్రంథం కావాలంటే విశాఖపట్నం పోవాలి, లేదా తపాలాలో తెప్పించుకోవాలి. కనుక ఈ శీర్షికలో నేను ‘కొత్త పుస్తకాలు’ అన్నప్పుడు వాటిలో కొన్ని నిజంగా కొత్తవి, కొన్ని మా ఊరు చేరడానికి పదేళ్ళు పట్టినవి అని పాఠకులు ఈపాటికి గ్రహించే ఉంటారు. 2022లో మా ఊరు అనకాపల్లి జిల్లాలో చేరింది. అయినా కవరు మీద విశాఖపట్నం జిల్లా అని రాసే మిత్రులు ఇంకా ఉన్నారు. ఉత్తరాలూ పార్సిళ్ళూ మాత్రం ఎలాగో వచ్చి చేరుతున్నాయి.

ఈసారి పార్సిల్ విప్పుతుండగా మా మేనల్లుడు వచ్చి కూర్చున్నాడు. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. అంతకు వారం ముందు వాళ్ళ కళాశాల పిల్లలను వరంగల్ విహారయాత్రకు తీసుకువెళ్ళారు. వెళ్ళేటప్పుడు ఉన్న ఉత్సాహం తిరిగి వచ్చాక వాడిలో కనిపించలేదని మా చెల్లెలు అప్పటికే రెండుసార్లు నాతో అన్నది. అడిగితే ఏమీ లేదంటాడు. ఆనాడు పుస్తకాల మధ్య కూర్చున్నాక నెమ్మదిగా చెప్పాడు. వరంగల్ కోటలో నాలుగు రాతి తోరణాల మధ్య పడి ఉన్న శిల్పఖండాలను చూస్తుండగా, తోటి విద్యార్థి ఒకడు అందరి ముందూ, ‘ఇది మీవాళ్ళు పడగొట్టినదే’ అన్నాడట. నలుగురు నవ్వారట. వీడు ఏమీ అనలేకపోయాడు. 

ఇంటికి వచ్చాక ఎవరో ఫోనులో ఒక సందేశం పంపారు. ఆ గుడి భూకంపంలో కూలిపోయిందనీ, ముస్లిం పాలకుడు ఎవడూ ఏనాడూ ఏ ఆలయాన్నీ ముట్టుకోలేదనీ, ఇదంతా ఆంగ్లేయులు అల్లిన కట్టుకథ అనీ అందులో ఉంది. దాన్ని నాకు చూపించి, “మామూ, ఇది నిజమే కదా? నిజమని మీరు ఒక్క మాట చెప్తే వాడికి పంపిస్తాను” అన్నాడు.

నిజం చెప్పవద్దూ! నా నోటి చివరిదాకా ‘నిజమే’ అనే మాట వచ్చింది. పిల్లవాడి ముఖం చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ నా ఒడిలో ఉన్న పుస్తకంలో ఆ తోరణాల ఛాయాచిత్రమే ఉంది.

ఆ పుస్తకం రిచర్డ్ ఈటన్, ఫిలిప్ వాగనర్ అనే ఇద్దరు పండితులు కలిసి రాసిన ‘పవర్, మెమొరీ, ఆర్కిటెక్చర్’. 2014లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ప్రచురించింది. 1300 నుంచి 1600 వరకు దక్కనులో కోటలు, ఆలయాలు, మసీదులు, రాజధానుల చుట్టూ నడిచిన రాజకీయాలను రాళ్ళ సాక్ష్యంతో పరిశీలించిన గ్రంథం ఇది. ఈటన్ చరిత్రకారుడు, వాగనర్ కళాచరిత్ర నిపుణుడు. ఒకరు పారశీక గ్రంథాలను చదివితే, మరొకరు తెలుగు, సంస్కృత శాసనాలను చదివి కట్టడాల కొలతలు తీస్తారు. ఈ పొత్తు వల్లనే పుస్తకానికి బలం వచ్చింది.

పుస్తకం తెరవబోయే ముందు వాడిని ఒకటి అడిగాను. “ఈ ఫోను సందేశానికి సనద్ ఏది?”

మదరసాలో నాలుగేళ్ళు చదివిన పిల్లవాడు కాబట్టి ఆ మాట వాడికి తెలుసు. ఇమామ్ బుఖారీ (రహ్మతుల్లాహి అలైహి) ఒక్కొక్క హదీసుకు ముందు ఎవరు ఎవరి నుంచి విన్నారో వరుసగా పేర్కొన్నారు. ఆ గొలుసులో ఒక్క కడియం బలహీనమైనా హదీసు వేత్తలు ఆ ఉల్లేఖనాన్ని పక్కన పెడతారు. విషయం వినడానికి ఎంత ఇంపుగా ఉన్నా సరే. పండిత గ్రంథాల్లో పుట అడుగున చిన్న అక్షరాలతో ఉండే అధోజ్ఞాపికలు చేసే పని ఇంచుమించు అదే. ఈ మాట ఏ శాసనంలో ఉంది, ఏ వ్రాతప్రతిలో ఉంది, ఆ ప్రతి ఏ గ్రంథాలయంలో ఉంది, దానిని చూడగోరేవారు ఎక్కడికి వెళ్ళాలి అన్నది అక్కడ తెలుస్తుంది. మనలో చాలామంది పుస్తకం చదివేటప్పుడు ఆ చిన్న అక్షరాలను దాటేస్తాం. నేను మాత్రం కొత్త పుస్తకం చేతికి రాగానే ముందు వాటినే చూస్తాను. మా ఇంట్లో దీనికి నవ్వుతారు కూడా.

సనద్ ఒక్కటే చాలదని చెప్పినవారూ మన పెద్దల్లోనే ఉన్నారు. ఇబ్న్ ఖల్దూన్ 1377లో ‘ముఖద్దిమా’ రాస్తూ, తనకు ముందటి చరిత్రకారులు విన్నదంతా రాసుకుంటూ పోయారే గాని అది జరిగే వీలున్నదా అని ఆలోచించలేదని తప్పుపట్టారు. మూసా (అలైహిస్సలాం) సైన్యంలో ఆరు లక్షల మంది ఉన్నారన్న లెక్కను తీసుకొని, అంతటి సేన ఏ మైదానంలో బారులు తీరగలదు, ఒక కొసన జరిగేది రెండో కొసకు ఎలా తెలుస్తుంది అని అడిగారు. ఆరున్నర శతాబ్దాల నాటి ఆ ప్రశ్నను మన ఫోన్లలోకి వచ్చే సందేశాలకు వేస్తే ఎన్ని నిలబడతాయో పాఠకులే చూసుకోవచ్చు.

మా వాడి సందేశానికి సనద్ లేదు. ఎవరు రాశారో పేరు లేదు, ఎక్కడ చదివారో లేదు.

ఇక పుస్తకం చెప్పేది ఇది. 1323లో ఢిల్లీ సేనలు ఉలుఘ్ ఖాన్ నాయకత్వంలో కాకతీయ రాజధాని ఓరుగల్లును జయించాయి. ఆ ఉలుఘ్ ఖానే తరువాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో సుల్తాను అయ్యాడు. నగరానికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టారు. కోట నడిమధ్య ఉన్న స్వయంభూ శివాలయాన్ని కూల్చివేశారు. ఆ ఆవరణలోనే మసీదు కట్టారు. నాలుగు తోరణాలను మాత్రం కూల్చకుండా, ఆ కొత్త ఆవరణకు ద్వారాలుగా నిలవనిచ్చారు. దగ్గరలో ఉన్న ఖుష్ మహల్ కూడా తుగ్లకుల కాలపు దర్బారు భవనమేనని వాగనర్ పరిశోధన చూపిస్తుంది. అంటే మా వాడి తోటి విద్యార్థి అన్నదానిలో ‘మీవాళ్ళు’ అనే మాట తప్ప మిగిలినది నిజమే.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. నేనూ తొందరపడలేదు.

అన్నిసా సూరా 135వ వాక్యం మన ఇళ్ళలో నికాహ్ తగాదాలప్పుడు, ఆస్తి పంపకాలప్పుడు గుర్తుకు వస్తుంది. సాక్ష్యం మనకే వ్యతిరేకమైనా, మన తల్లిదండ్రులకు వ్యతిరేకమైనా న్యాయం మీద నిలబడాలన్న ఆదేశం అందులో ఉంది. ఏడువందల ఏళ్ళ నాటి సుల్తాను మన తండ్రి కూడా కాడు, అతని పక్షాన అబద్ధమాడవలసిన బాధ్యత మనకు ఏ కోశానా లేదు. నేను వాడితో చెప్పింది ఇంతే.

అయితే కథ అక్కడ ఆగదు. పండిత గ్రంథానికీ పుకారుకూ మధ్య రెండో తేడా ఇక్కడ కనిపిస్తుంది. పుకారు తనకు కావలసినది దొరకగానే ఆగిపోతుంది, పండితుడు తరువాతి పుట తిప్పుతాడు. 1326లో, అంటే ఓరుగల్లు పతనమైన మూడేళ్ళకు, అదే ముహమ్మద్ బిన్ తుగ్లక్ సుల్తానుగా ఉండగా, చాళుక్యుల పూర్వపు రాజధాని కల్యాణిలో ఒక సంస్కృత శాసనం వేశారు. దాన్నిప్పుడు బసవకల్యాణ్ అంటున్నారు, కర్ణాటకలో బీదరు జిల్లాలో ఉంది. స్థానికపు అల్లర్లలో అక్కడి శివాలయం దెబ్బతిన్నదనీ, దానిని బాగుచేసి పూజలు మళ్ళీ సాగేటట్లు సుల్తాను అధికారులే వీలు కల్పించారనీ ఆ శాసనం తెలుపుతుంది. ఒకే సుల్తాను, మూడేళ్ళ ఎడం, రెండు భిన్నమైన పనులు. 

ఈటన్ దీనికి ఇచ్చే వివరణ ఆలోచింపదగినది. శత్రురాజు అధికారానికి గుర్తుగా నిలిచిన ఆలయం యుద్ధంలో లక్ష్యమయ్యేది. తన ఏలుబడిలోకి వచ్చిన ప్రజల ఆలయం మాత్రం పాలకుడి రక్షణలో ఉండేది. ఇది ముస్లిం రాజులతో మొదలైన వాడుక కూడా కాదంటారాయన. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఉదయగిరిని జయించినప్పుడు అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయి ప్రతిష్ఠించిన సంగతిని ఉదాహరణగా చూపుతారు.

ఈ చివరి మాట వినగానే మేనల్లుడి కళ్ళు మెరిశాయి. “అయితే వాళ్ళూ చేశారన్న మాట!”

ఇక్కడే నేను కొంచెం కఠినంగా మాట్లాడవలసి వచ్చింది. ఎదుటివాడి మీద విసరడానికి రాయి దొరికిందని సంతోషించే చదువు చదువు కాదని అన్నాను. రాయలు విగ్రహాన్ని తీసుకుపోవడం వేరు, ఉలుఘ్ ఖాన్ గుడినే పడగొట్టడం వేరు. రెండింటినీ తక్కెడలో వేసి సరి చేయమని ఆ పుస్తకం చెప్పడం లేదు. రాజులు ఏ లెక్కతో ఆ పనులు చేశారో చూడమంటుంది. ఈటన్ వివరణను ఒప్పుకోని చరిత్రకారులు కూడా ఉన్నారు. మతావేశానికి ఆయన తగినంత స్థానం ఇవ్వలేదని వారి విమర్శ. ఆ విమర్శలో కొంత బలం ఉందని నాకూ అనిపిస్తుంది. కల్యాణి శాసనాన్ని మాత్రం ఆ విమర్శకులూ కాదనలేరు.

ఆ రాత్రి వాడు పుస్తకాన్ని తన గదిలోకి పట్టుకుపోయాడు. ఇంగ్లీషు కష్టంగా ఉందని తెల్లవారి ఒప్పుకున్నాడు. అందుకని ఈటన్‌దే మరొక పుస్తకం చేతికిచ్చాను. సాధారణ పాఠకుడు మొదలుపెట్టవలసినది నిజానికి దీనితోనే. ‘ఎ సోషల్ హిస్టరీ ఆఫ్ ది డెక్కన్’, 2005లో కేంబ్రిడ్జి ప్రచురణ. 1300 నుంచి 1761 దాకా దక్కను చరిత్రను ఎనిమిది మంది జీవితాలుగా చెప్పారు. ప్రతాపరుద్రుడు, గుల్బర్గా హజ్రత్ గేసూదరాజ్, బహమనీ వజీరు మహమూద్ గవాన్, అళియ రామరాయలు, హబ్షీ బానిసగా వచ్చి అహ్మద్‌నగర్‌ను నడిపిన మలిక్ అంబర్, సంత్ తుకారాం, మన సర్వాయి పాపడు, మరాఠా రాణి తారాబాయి. జీవితచరిత్రలు ఇష్టపడే ఇళ్ళకు ఇంతకంటె మంచి గ్రంథం చూపలేను.

రామరాయల కథ మన పాఠ్యపుస్తకాల్లో 1565 జనవరి నాటి తళ్ళికోట యుద్ధంతో మొదలై దానితోనే ముగుస్తుంది. హిందూ రాజ్యం, ముస్లిం కూటమి, ఓటమి, అంతే. ఆయన తన కొలువు జీవితాన్ని గోల్కొండలో సుల్తాన్ కులీ దగ్గర ప్రారంభించాడని ఎంతమందికి తెలుసు? ఒక కోటను నిలుపుకోలేకపోయాడని సుల్తాను పంపివేస్తేనే ఆయన విజయనగరం చేరి, కృష్ణదేవరాయలకు అల్లుడయ్యాడు. ఆ గోల్కొండ వంశానికే చెందిన ఇబ్రహీం కుతుబ్ షా రాజు కాకముందు ప్రాణభయంతో పారిపోయి విజయనగరంలో ఏడేళ్ళు తలదాచుకున్నాడు. ఆదరించినవాడు రామరాయలే. తళ్ళికోటలో ఇబ్రహీం నిలిచినది రామరాయలకు ఎదురుగా. తెలుగు కవులు ‘మల్కిభరాముడు’ అని పిలుచుకున్నదీ, అద్దంకి గంగాధరకవి ‘తపతీసంవరణోపాఖ్యానం’ అంకితం తీసుకున్నదీ ఈ ఇబ్రహీమే. ఉప్పు తిన్న ఇంటిపై కత్తి ఎత్తిన ఈ మనిషిని మంచివాడు అనాలా, కాదనాలా అని మేనల్లుడు అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు.

నాకు అన్నిటికంటె నచ్చినది పాపడి అధ్యాయం. సర్వాయి పాపన్న గౌడ కులస్థుడు. ఔరంగజేబు చివరి రోజుల్లో, మొఘలుల ఏలుబడి తెలంగాణలో సడలుతున్న వేళ, దారులు కాచి, సొమ్ము కూడబెట్టి, షాపూరులో కోట కట్టినవాడు. 1708లో వరంగల్ నగరాన్ని, మరుసటి ఏడు భువనగిరిని కొల్లగొట్టాడు. హైదరాబాదుకు వచ్చిన బాదుషా బహదూర్ షా అతని దగ్గర భారీ కప్పం పుచ్చుకొని గౌరవ వస్త్రాలు ఇచ్చి పంపాడు. దానిమీద ముస్లిం ప్రముఖులు మండిపడి మొరపెట్టుకున్నాకనే సేనలు కదిలాయి. 1710లో పాపడి కథ ముగిసింది. మొఘల్ చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ దృష్టిలో అతడు దోపిడీదొంగ. తెలుగు జానపదులకు వీరుడు. ఈటన్ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివారు.

జానపద గేయంలో పాపడి తొలి అనుచరుల పేర్ల పట్టిక ఉంది. అందులో హసన్, హుసేన్, దూదేకుల పీరు ఉన్నారు. వారి పక్కనే చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి, ఎరుకల, యానాది వారున్నారు. ఈ వరుసను చదివినప్పుడు నేను పుస్తకం మూసి కొంతసేపు కూర్చుండిపోయాను. ముస్లిం అంటే నవాబు, జాగీర్దారు, సేనాని అనే చరిత్రే మనకు అలవాటు. ఫోను సందేశాలు పొగిడేదీ వాళ్ళనే, తెగిడేదీ వాళ్ళనే. మన జిల్లాలలో పరుపులు కుట్టి, నూలు పట్టి, అద్దకం వేసి, సంతల్లో అమ్ముకొని బతికిన మన తాతముత్తాతలు ఈ రెండు చరిత్రల్లోనూ లేరు. దూదేకుల పీరు ఎవరో, ఎక్కడివాడో ఆ ఒక్క పేరుకు మించి మనకు ఏమీ మిగలలేదు. అయినా గోల్కొండ సుల్తానుల వజ్రాల కంటె ఆ ఒక్క పేరు నాకు దగ్గరగా తోచింది.

వజ్రాల ప్రస్తావన వచ్చింది కనుక కళాగ్రంథం గురించి రెండు మాటలు. ‘సుల్తాన్స్ ఆఫ్ డెక్కన్ ఇండియా’ అనే బృహద్గ్రంథం 2015లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జరిగిన ప్రదర్శనకు అనుబంధంగా వెలువడింది. కూర్పరులు నవీనా నజత్ హైదర్, మారికా సర్దార్. ధర చూస్తే గుండె ఆగుతుంది. నేను కొనలేదు, విశాఖపట్నంలోని ఒక మిత్రుని దగ్గర అరువు తెచ్చాను. మా అమ్మీకి ప్రాణుల బొమ్మలంటే మనసు ఒప్పదు. ఆ పుటలను ఆమే చకచకా తిప్పేసింది. నల్లని బీదరు పాత్రల మీది వెండి పొదుగుడు దగ్గర, ఖుర్‌ఆన్ దస్తూరీల దగ్గర, కలంకారీ రుమాళ్ళ దగ్గర మాత్రం ఆగి ఆగి చూసింది. పదిహేడో శతాబ్దిలో గోల్కొండ రాజ్యంలో తయారైన ఆ రుమాళ్ళలో కానుకలు కప్పి పంపేవారు. ఎర్రరంగు పట్టడానికి నూలుగుడ్డను ఎన్నిసార్లు ఉడికించి, ఎన్నిసార్లు ఏటి నీట ఝాడించి ఎండవేయాలో అమ్మీ మాకు చెప్పింది. ఆమె పుట్టినిల్లు మచిలీపట్నం వైపు. పెడనలో అద్దకం ఇంకా బతికి ఉంది కదా! మ్యూజియం వారి వ్యాసంలో లేని సంగతులు రెండు మూడు ఆమె నోట విన్నాను. రాసి పెట్టుకున్నాను, మరొక నెల చెప్తాను, ఇన్‌షా అల్లాహ్.

మా చెల్లెలికి నచ్చినది వేరు. రూబీ లాల్ రాసిన ‘వాగబాండ్ ప్రిన్సెస్’ 2024లో వచ్చింది, నిజంగానే కొత్తది. బాబరు కుమార్తె గుల్బదన్ బేగం జీవితచరిత్ర. 1523లో పుట్టిన ఈమె యాభై దాటిన వయసులో అంతఃపుర స్త్రీల బృందానికి పెద్దగా హజ్‌కు బయలుదేరింది. 1576లో సూరత్ రేవు నుంచి ఓడ కదిలితే తిరిగి అక్బరు దర్బారు చేరినది 1582లో. హిజాజ్ భూమిలో ఏళ్ళ తరబడి ఉండి, ఒకటికి నాలుగుసార్లు హజ్ చేసుకొని, అక్కడ వారు చేస్తున్న దానధర్మాల సందడి ఉస్మానీ సుల్తానుకు కంటగింపై వెళ్ళిపొమ్మని ఆజ్ఞలు వచ్చేదాకా కదలలేదు. తిరుగు ప్రయాణంలో ఏడెన్ దగ్గర ఓడ దెబ్బతిన్నది. తరువాత అక్బరు కోరిక మీద పారశీకంలో తన జ్ఞాపకాలు రాసింది. ఆ గ్రంథానికి మనకు మిగిలిన ఒకే ఒక్క వ్రాతప్రతి లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అది ఒక వాక్యం మధ్యలో తెగిపోతుంది.

రూబీ లాల్ శైలి అక్కడక్కడ నవలలా సాగుతుంది. ఆధారం లేనిచోట ‘అయి ఉండవచ్చు’ అనే ఊహతో ఖాళీలు పూరించడం నాకు అంతగా రుచించలేదు. మా చెల్లెలు మాత్రం నాతో ఏకీభవించలేదు. “భయ్యా, ఆడవాళ్ళ గురించి ఆధారాలు దాచిపెట్టినవారెవరు? దాచినవారిని వదిలి, ఊహించినవారిని తప్పుపడతారేం?” అన్నది. నిరుడు మా ఇంటి నుంచి ఉమ్రాకు వెళ్ళివచ్చిన నలుగురు స్త్రీలలో ఆమె ఒకతె. జిద్దాలో దిగిన రాత్రి నుంచి జరిగినదంతా ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నదని ఈ సందర్భంలోనే నాకు తెలిసింది. చూపించమంటే చూపించలేదు.

అఫ్సర్ మహమ్మద్ రాసిన ‘రీమేకింగ్ హిస్టరీ’ గురించి కూడా చెప్పాలి. 2023లో కేంబ్రిడ్జి ప్రచురించిన ఈ గ్రంథం 1948 సెప్టెంబరు పోలీసు చర్యనూ హైదరాబాదు ముస్లింలనూ గురించినది. రచయిత మన తెలుగు కవి, ఇప్పుడు అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో బోధిస్తున్నారు. ఆనాటి వృద్ధుల నోటి మాటలను, ఉర్దూ తెలుగు రచనలను ఆధారం చేసుకొని రాశారు. సుందర్‌లాల్ బృందం ఆనాడు ప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక మృతుల సంఖ్యను 27 వేల నుంచి 40 వేల మధ్య అంచనా వేసింది. అది దశాబ్దాల తరబడి బయటకు రాలేదు. మన ఉత్తర సర్కారులు 1760ల నుంచే ఆంగ్లేయుల ఏలుబడిలోకి పోవడం వల్ల నిజాం రాజ్యపు గొడవలు మనవి కావనే భావన కోస్తా ముస్లింలలో ఉంది. నేనూ అలా అనుకున్నవాడినే. ఈ పుస్తకాన్ని ఒక్క రాత్రిలో చదవవద్దు, పిల్లలకు ఒంటరిగా ఇవ్వవద్దు, పక్కన కూర్చొని చదివించండి. రజాకార్ల దౌర్జన్యాలు తెలియకుండా ఇది చదివితే సగమే చదివినట్లు.

తెలుగులో ఏమున్నాయని ప్రతి నెలా ఉత్తరాలు వస్తాయి. సయ్యద్ నశీర్ అహమ్మద్ స్వాతంత్ర్యోద్యమంలో ముస్లింల పాత్రపై రాసిన గ్రంథాలు, తెలుగు ముస్లిం రచయితల వివరాలతో కూర్చిన ‘అక్షరశిల్పులు’ మన ప్రతి ఇంటిలో ఉండదగినవి. ఒక మనిషి ఊరూరా తిరిగి చేసిన పని అది. పిఠాపురపు మౌల్వీ ఉమర్ అలీషా ఉమర్ ఖయ్యామును తెలుగు చేసిన కవి అనీ, కేంద్ర శాసనసభలో కూర్చున్నవారనీ మన పిల్లలకు తెలియాలంటే ఇటువంటి పుస్తకాలే దిక్కు. అయితే నేను పైన చెప్పిన ఇంగ్లీషు గ్రంథాలు మా చోడవరం గ్రంథాలయంలో తెలుగులో కనబడే రోజు కోసం చూస్తున్నాను. ఈటన్ ఎనిమిది జీవితాల్లో ప్రతాపరుద్రుడు, పాపడు ఇద్దరూ తెలుగువారు, రామరాయలు తెలుగు దేశాన్ని ఏలినవాడు. వారి కథ మనం ఇంగ్లీషులో చదువుకొంటున్నాం. అనువదించగల యువకులు మన పాఠకుల్లో ఉన్నారు. గ్రంథస్వామ్యం వారి అనుమతి తీసుకొని ఒక్క అధ్యాయంతో మొదలుపెట్టినా నేను చేతనైన సాయం చేస్తాను.

మేనల్లుడి సంగతి చెప్పి ముగిస్తాను. వాడు ఆ సందేశాన్ని తోటివాడికి పంపలేదు. కళాశాలలో కలిసినప్పుడు, ‘అవును, 1323లో పడగొట్టారు. నువ్వన్నది నిజమే. 1326లో కల్యాణిలో ఏం జరిగిందో నీకు తెలుసా?’ అన్నాడట. ఆ పిల్లవాడు కల్యాణి ఎక్కడుందని అడిగాడట. ఇద్దరూ ఫోనులో పటం తీసి వెతికారట. అంతకుమించి ఏమీ జరగలేదు. స్నేహమూ కుదరలేదు, తగవూ పెరగలేదు.

వాడు మాత్రం ఇప్పుడు ఒక నోటుపుస్తకం పెట్టాడు. పుట మధ్యలో గీత గీసి, ఒక వైపు ‘సనద్ ఉన్నవి’, రెండో వైపు ‘విన్నవి’ అని రాసుకున్నాడు. నేను ఎప్పుడో వాడికి చెప్పిన బొబ్బిలి పేరు కథను రెండో వైపు వేశాడు. కుతుబ్ షాహీల కాలంలో శ్రీకాకుళం ఫౌజ్‌దారుగా వచ్చిన షేర్ ముహమ్మద్ ఖాన్ పేరిట, షేర్ అంటే బెబ్బులి కాబట్టి, వెలమ ప్రభువు తన ఊరికి ఆ పేరు పెట్టాడని మనవైపు పెద్దలు చెప్పే కథ అది. నాకు చాలా ఇష్టమైన కథ. “మామూ, దీనికి శాసనం ఉందా?” అని అడిగాడు. చెప్పుకోవడమే తప్ప శాసనం చూపలేనన్నాను. వాడు మొగమాటం లేకుండా ‘విన్నవి’ కిందనే ఉంచాడు.

అదే షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో శ్రీకాకుళంలో జామియా మసీదు కట్టించాడని పాత గెజిటీరులో ఉంది. దాన్ని మొదటి వైపు రాయబోయి కలం ఆపాడు. గెజిటీరు రాసిన తెల్లదొరకు ఎవరు చెప్పారని వాడి సందేహం. మసీదు అక్కడే ఉన్నప్పుడు వెళ్ళి చూడక ఇక్కడ కూర్చొని తగువులాడడం ఎందుకని వాళ్ళమ్మ అన్నది. వచ్చే ఆదివారం ఫజర్ కాగానే మొదటి బస్సుకు బయలుదేరుతున్నాము. అమ్మీ కూడా వస్తానంటున్నది.